కుంకుడుకాయ చేదెక్కిన కథ

ఒకప్పుడు కుంకుడుకాయ తియ్యగా ఉండేది. ఈతపండు కంటే తీపి.

కొండ కింద, పారే గెడ్డ ఒడ్డున, ఒక కుంకుడుచెట్టు ఉండేది. దానికి చుట్టాలంటే ప్రాణం. పొద్దున గోరింకలు వచ్చేవి, మధ్యాహ్నం కోతులు వచ్చేవి, సాయంత్రం ఎలుగుబంటి వచ్చేది. ఎవరొచ్చినా చెట్టు కొమ్మ వంచి, "తిను, ఇంకో రెండు తిను" అనేది. ఎలుగుబంటి ఏనాడూ వద్దనలేదు.

ఆ గెడ్డలోనే గవరమ్మ ఊరి బట్టలు ఉతికేది. అప్పటికి సబ్బులు లేవు. ఒడ్డున తెల్లగా ఉబ్బి ఉండే చౌడుమట్టే దిక్కు. దాన్ని నీళ్ళలో కలిపి బట్టలు నానబెడితే మురికి వదిలేది. గవరమ్మ చేతుల మీది తోలు కూడా వదిలేది.

"కాస్త నెమ్మదిగా ఉండరాదా?" అని ఒకరోజు ఆవిడ చౌడుమట్టిని అడగడం చెట్టు వింది.

"మురికి తియ్యమన్నావు, తీస్తున్నాను" అంది చౌడుమట్టి. "నాకు కళ్ళు లేవు. మీద ఏముంటే అది తీసేస్తాను."

అది నిజమే కాబట్టి గవరమ్మ మళ్ళీ బట్టలు నానబెట్టుకుంది.

ఒకనాడు ఆవిడ మనవరాలిని చంకనేసుకుని వచ్చింది. పాప పేరు పైడితల్లి. ఏడు నెలలది. ఊళ్ళో పిల్లలందరికీ చౌడు నీళ్ళతోనే స్నానం, పైడితల్లికీ అంతే. ఒళ్ళంతా ఎర్రగా కందిపోయింది. మోచేతి మడతల్లో పగుళ్ళు. నీళ్ళు కనిపిస్తే చాలు, గుక్కపట్టి ఏడుస్తోంది.

చెట్టు చాలా ఏడుపులు విని ఉంది. నక్క ఏడుపు విన్నది, కోతిపిల్ల ఏడుపు విన్నది. ఈ ఏడుపు వినలేకపోయింది.

అంతలో ఎలుగుబంటి వచ్చింది. గవరమ్మ కొంచెం జరిగి చోటిచ్చింది. ఎలుగు కాయలు నములుతూ, సగం కింద పారేస్తూ, పక్కనున్న నీటిగుంటలో వాటిని అటూ ఇటూ తొక్కింది. గుంట నిండా తెల్లగా నురగ లేచింది. ఎలుగు దాన్ని పట్టించుకోకుండా వెళ్ళిపోయింది.

పాప వంగి నురగలో చెయ్యి పెట్టింది. ఏడుపు ఆపింది.

గవరమ్మ కూడా చెయ్యి పెట్టి చూసింది. మండలేదు. జిడ్డు పోయింది, తోలు మాత్రం ఉన్నచోటే ఉంది.

"కుంకుడమ్మా! మా పాప స్నానానికి రోజూ నాలుగు కాయలిస్తావా తల్లీ?"

"నాలుగేంటి, తట్టెడు పట్టుకుపో" అంది చెట్టు. "మిగిలితే."

మిగల్లేదు. గవరమ్మ పొద్దున్నే వచ్చేసరికి గోరింకలు తినేశాయి. మర్నాడు గోరింకల కంటే ముందే వచ్చింది. ఆవేళ కోతులు ఇంకా ముందొచ్చాయి. చివరికి ఎలుగుబంటినే అడిగింది.

"ఎలుగు మావా, పాప స్నానానికి నాలుగు కాయలు వదలవా?"

"స్నానమంటే ఏంటి?"

గవరమ్మ వివరంగా చెప్పింది. ఎలుగు ఓపిగ్గా వింది. "తినడానికి బాగుంటుందా అది?" అని అడిగింది. బాగుండదని గవరమ్మ ఒప్పుకుంది. ఎలుగు ఆ నాలుగు కాయలూ తినేసింది.

ఆ మర్నాటికి పాప మోచేతి దగ్గర నెత్తురు కారింది. గవరమ్మ చెట్టుకింద కూర్చుని ఆ పుండు మీద ఊదుతూ, "నీ తప్పేం లేదులే తల్లీ" అంది చెట్టుతో. లేచి మళ్ళీ చౌడుమట్టి తవ్వడానికి వెళ్ళింది.

తిట్టి ఉంటే చెట్టు ఊరుకునేదేమో.

దాని మొదలు దగ్గర ఒక చేదుపుచ్చ తీగ పాకి ఉండేది. మేకలు కూడా దాని జోలికి పోయేవి కావు. చెట్టు మొట్టమొదటిసారి దాన్ని పలకరించింది.

"నీ చేదు కొంచెం నాకిస్తావా?"

"ఎవరూ అడగని సరుకు, ఎంత కావాలంటే అంత తీసుకో" అంది తీగ. "కానీ ముందే చెప్తున్నాను. నీ దగ్గరికి ఇంకెవరూ రారు. నేను పుట్టి ఎన్నాళ్ళయింది? నన్ను పలకరించింది నువ్వొక్కదానివే."

చెట్టు కాసేపు ఆలోచించింది. తర్వాత వేళ్ళు చాపి, తీగ వేళ్ళ నుంచి చేదు పీల్చుకుంది.

పొద్దున గోరింకలు ఒక్కో కాయ కొరికి, ఉమ్మేసి, ఎగిరిపోయాయి. కోతులు వాసన చూసి పక్క చెట్టుకు దూకాయి. సాయంత్రం ఎలుగుబంటి వచ్చింది. నోటినిండా కుక్కుకుని, అలాగే చాలాసేపు కూర్చుంది.

"ఒంట్లో బాగాలేదా అప్పా?" అని సొంత అక్కని అడిగినట్టు అడిగింది చివరికి.

"బాగానే ఉంది."

ఎలుగు మర్యాద తెలిసినది. మరో మూడు రోజులు వచ్చి, రోజుకో కాయ కష్టపడి మింగింది. నాలుగో రోజు రాలేదు. చెట్టు ఆ సాయంత్రం కొమ్మ వంచుకునే ఉంది, చీకటి పడేదాకా.

మర్నాడు గవరమ్మ వచ్చింది. కొమ్మల నిండా కాయలు చూసి నోరు తెరిచింది. తట్ట నింపుకుని, గింజలు తీసి, కాయలు నానబెట్టి, పిసికి, ఆ నురగతో పాపకు పోసింది. పది రోజుల్లో పగుళ్ళు మానాయి. పదిహేనో రోజున పాప నీళ్ళు చూసి చేతులు చాచింది. ఆవేళే నురగ కంట్లో పడింది. కొండ మారుమోగేలా ఏడ్చింది.

"ఏటమ్మా ఇది? చౌడు తోలును కొరికేది, నువ్వు కంటిని కొరుకుతావా?" అంది గవరమ్మ.

"చేదు కొంచెం ఎక్కువే పీల్చాను" అంది చెట్టు. "తక్కువైతే చుట్టాలు మళ్ళీ వస్తారని. వస్తే నేను కాదనలేను."

గవరమ్మ పాప కళ్ళు నీళ్ళతో కడిగింది. తర్వాత చేత్తో చెట్టు బోదె నిమిరి, "నిన్ను చూడ్డానికి నాలుగు రోజులకోసారి వస్తానులే, పాపని తీసుకుని" అంది.

అప్పటినుంచే కుంకుడుకాయ చేదు. ఏ పిట్టా దాన్ని కొరకదు, ఏ కోతీ కొయ్యదు. అప్పటినుంచే దాని నురగ ఒంటికి మెత్తగా ఉంటుంది, కంట్లో పడితే మాత్రం మండుతుంది. అందుకే తలంటు పోసే ప్రతి మామ్మా చెంబు ఎత్తేముందు, "కళ్ళు మూసుకో, గట్టిగా మూసుకో" అంటుంది. ఏ పిల్లా మూసుకోదు.