పెళ్ళికొడుకు చొక్కా చింపేదెవరు?

రాజమండ్రి తాడితోటలో బట్టల కొట్టు నడుపుకునే గేహీమల్ అనే సింధీ పెద్దాయన చీటికీ మాటికీ అలిగేవాడు. "ఎందుకిలా చేశావు?" అని మాత్రం ఎవరినీ అడిగేవాడు కాదు. అడిగితే తాను తగ్గినట్టేనని ఆయన పట్టుదల. శుభలేఖలో తన పేరు మూడో వరుసలో వేశాడని సొంత తమ్ముడితో మాట మానేశాడు. రైలు కదిలేటప్పుడు చెయ్యి ఊపలేదని బావమరిదిని వదిలేశాడు.

అన్నిటికన్నా పెద్ద అలక అక్క జమ్నాబాయి మీద. సింధీల ఇంటికి ఎవరు వచ్చినా ముందుగా మంచినీళ్ళూ, దాంతోపాటు ఒక అప్పడమూ ఇస్తారు. ఒట్టి నీళ్ళు ఇస్తే మర్యాద తగ్గించినట్టే. పదకొండేళ్ళ కిందట గేహీమల్ అక్క ఇంటికి వెళ్ళాడు. ఆవిడ ఒట్టి నీళ్ళు చేతికిచ్చి లోపలికి వెళ్ళిపోయింది. గేహీమల్ గ్లాసు కింద పెట్టి, చెప్పులు వేసుకుని వచ్చేశాడు. ఆ రోజు నుంచి అక్క ఉండే వీధి తప్పించి, చుట్టూ తిరిగి కొట్టుకు వెళ్ళేవాడు.

ఇలా ఉండగా మనవడు లవిన్‌కు పెళ్ళి కుదిరింది. ఆదివారం పెళ్ళి. ముందురోజు శనివారం సాంథ్. సాంథ్ అంటే సింధీల ఇంట పెద్ద సందడి. ఏడుగురు ముత్తైదువలు పెళ్ళికొడుకు తలమీద నూనె పోస్తారు. ఆ తర్వాత చుట్టాలంతా మీదపడి అతని చొక్కా చింపేస్తారు. పాత రోజులు వదిలి కొత్త రోజుల్లోకి అడుగు పెట్టాలని దాని అర్థం. చొక్కా ఎన్ని పీలికలైతే పెళ్ళికొడుక్కి అంతమంది తనవాళ్ళు ఉన్నట్టు.

సోమవారం గేహీమల్ భార్య సుందరి వేళ్ళు మడిచి లెక్కపెట్టింది.

"నేనొకదాన్ని. కోడలు ఒకతి. మిగతా అయిదుగురినీ ఎక్కణ్ణుంచి తెస్తారు?"

"చుట్టాలందరికీ శుభలేఖలు వెళ్ళాయిగా," అన్నాడు గేహీమల్.

"కాగితాలు వెళ్ళాయి, మనుషులు రారు. అందరికీ పెద్ద మీ అక్కగారే. ఆవిడ మన గడప తొక్కితే అందరూ తొక్కుతారు. ఆవిడ రాకపోతే ఒక్కరూ రారు."

"రాకపోతే మానెయ్యమను! ఊళ్ళో ఆడవాళ్ళు కరువయ్యారా?"

మంగళవారం ఆయన పక్కింటి సత్యవతిని పిలిచి సంగతి చెప్పాడు.

"నూనె పొయ్యడానికి ఎంతమందినైనా తీసుకొస్తానండీ బాబాయిగారూ," అంది సత్యవతి. "కానీ ఆ చొక్కా చింపడం మాత్రం మావల్ల కాదండీ. శుభమా అని పెళ్ళి చేసుకునే కుర్రాడి బట్టలు ఎలా చింపుతామండీ? మా ఆయన చొక్కాకి గుండీ ఊడితేనే మా అత్తగారు నెల్లాళ్ళు సాధించారు!"

బుధవారం ఇంట్లో సత్సంగం పెట్టారు. ముప్పైమందికి వండితే ఎనిమిదిమంది వచ్చారు. ఆ ఎనిమిదిమందీ ఇరుగుపొరుగువాళ్ళే. గురువారం పెళ్ళిపాటల ముచ్చట. అత్తాకోడళ్ళిద్దరే డోలక్ ముందు కూర్చున్నారు. సుందరి పాట ఎత్తుకుంది. రెండో చరణం అందుకోవలసిన ఆడపడుచులు లేరు. పాట సగంలో ఆగిపోయింది. గేహీమల్ పక్కగదిలో కూర్చుని అంతా విన్నాడు. అయినా కదల్లేదు.

శుక్రవారం పొద్దున్నే లవిన్ ఒక తెల్లచొక్కా తెచ్చి తాత ముందు పెట్టాడు. అది సాంథ్ కోసం కొన్నది.

"దాదా, ఇది కొట్టులో పెట్టేయండి. ఎవరికైనా పనికొస్తుంది," అన్నాడు.

"అదేంట్రా, రేపు నువ్వు వేసుకోవద్దూ?"

"వేసుకుంటే చింపేవాళ్ళేరీ? పెళ్ళికూతురి తరఫువాళ్ళు చూస్తే, పాపం ఈ అబ్బాయికి నా అన్నవాళ్ళే లేరనుకుంటారు. అంతకంటే సాంథ్ మానేస్తేనే నయం."

గేహీమల్ ఆ చొక్కా మడిచి మళ్ళీ మనవడి చేతిలోనే పెట్టాడు. తర్వాత లేచి చెప్పులు వేసుకున్నాడు. పదకొండేళ్ళుగా తప్పించుకు తిరిగిన వీధిలోకి తిన్నగా నడిచాడు.

తలుపు తీసింది జమ్నాబాయే. జుట్టంతా తెల్లబడిపోయింది.

"రా. కూర్చో," అంది. లోపలికి వెళ్ళి గ్లాసుతో వచ్చింది.

ఒట్టి మంచినీళ్ళు! అప్పడం లేదు.

గేహీమల్ మొహం జేవురించింది. కుర్చీలోంచి సగం లేచాడు. అంతలో మనవడి మొహం గుర్తుకొచ్చింది. మళ్ళీ కూర్చున్నాడు. గొంతు సవరించుకుని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారిగా అడిగాడు.

"అక్కా, అప్పడం ఎందుకు పెట్టలేదు?"

జమ్నాబాయి చప్పున ఎదురు కుర్చీలో కూలబడింది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, పెదవులు మాత్రం నవ్వుతున్నాయి.

"ఈ ముక్క అడగడానికి పదకొండేళ్ళు పట్టిందట్రా గేహూ? ఆ రోజు నువ్వు రెండు దవడపళ్ళు పీకించుకుని, నోట్లో దూది పెట్టుకుని వచ్చావు. నీకు అప్పడం ఎలా పెట్టను? మెత్తగా ఉంటుందని రవ్వ హల్వా చెయ్యడానికి లోపలికెళ్ళాను. గిన్నె పట్టుకుని వచ్చి చూస్తే కుర్చీ ఖాళీ!"

గేహీమల్ తెలియకుండానే దవడ తడుముకున్నాడు. నిజమే. ఆ రోజు ఆయన పళ్ళు పీకించుకున్న రోజే.

"మరి ఆ మాట చెప్పొచ్చుగా?"

"నువ్వు అడిగావా? నేనూ ఆ తండ్రి బిడ్డనేరా. అడగనివాడికి నేనెందుకు చెప్పాలనుకున్నాను. తప్పు నాదీ ఉంది."

"సరే, ఇవాళ ఎందుకు పెట్టలేదు?"

"నీ నోట్లో ఇంకా ఎన్ని పళ్ళు మిగిలాయో తెలియక!"

ఇద్దరూ వీధిలోకి వినపడేటట్టు నవ్వారు. నవ్వాక జమ్నాబాయి అంది.

"మన తమ్ముడి మీద కూడా అలిగావటగా, పేరు మూడో వరుసలో వేశాడని. మొదటి రెండు వరుసల్లో ఎవరి పేర్లున్నాయో చూశావా? అమ్మదీ నాన్నదీ! వాళ్ళ కంటే పైన వెయ్యాలా నీ పేరు?"

గేహీమల్ తల దించుకున్నాడు.

"రేపు వస్తావా అక్కా?"

"అడిగావుగా. వస్తాను. ఒక్కదాన్ని రాను, చూసుకో."

శనివారం తొమ్మిదింటికల్లా ఆటోలమీద ఆటోలు వచ్చి ఆగాయి. ముందు జమ్నాబాయి, ఆవిడ వెనక తమ్ముడి కుటుంబం, బావమరిది కుటుంబం, పిల్లలూ పెద్దలూ కలిపి నలభైమందికి పైగా దిగారు. ఏడుగురు కావాలంటే పధ్నాలుగుమంది ముత్తైదువలు వచ్చారు. నూనె పొయ్యడానికి నేను ముందంటే నేను ముందని తోసుకున్నారు. ఆగిపోయిన పెళ్ళిపాట మళ్ళీ మొదలై, ఇరవై గొంతులతో వీధి చివరిదాకా వినిపించింది. పెళ్ళికూతురి తరఫువాళ్ళు అరుగుమీద నిలబడి నోళ్ళు తెరుచుకుని చూశారు.

ఆ తర్వాత "పట్టండి వాణ్ణి!" అని ఎవరో అరిచారు. లవిన్ నవ్వుతూ పరుగెత్తాడు. నలభైమందీ వెంటపడ్డారు. క్షణంలో కాలరు ఒకరి చేతిలో, చొక్కా చేతులు మరొకరి చేతుల్లో. ధైర్యం చేసి సత్యవతి కూడా ఒక పీలిక లాగి, "అమ్మో, భలేగా ఉందండీ!" అంది.

ఆ తోపులాటలో పర్రుమని ఇంకో చప్పుడు వినిపించింది. గేహీమల్ కుర్తా జేబు ఊడి వేలాడుతోంది. అందరూ ఉలిక్కిపడి ఆగిపోయారు. పెద్దాయన అలుగుతాడని భయం.

"ఎవరు చింపారు? ఎందుకు చింపారు?" అని అడిగాడు గేహీమల్.

"నేనేరా," అంది జమ్నాబాయి. "పెళ్ళికొడుకు నాకు అందలేదు. దగ్గర్లో నువ్వే దొరికావు."

గేహీమల్ పకపకా నవ్వి రెండో జేబు కూడా ముందుకు పెట్టాడు. ఇల్లంతా ఈలలూ చప్పట్లూ. లవిన్ ఒంటిమీద చొక్కా పోగు కూడా మిగల్లేదు, తెల్లచొక్కా పీలికలు మాత్రం ఇంటిల్లిపాది చేతుల్లోనూ జెండాల్లా ఎగిరాయి.

అయినవాళ్ళ మీద అలిగే ముందు, ఎందుకలా చేశారని ఒక్కమాట అడగాలి. అడిగినవాడు తగ్గడు, అడగకుండా అలిగినవాడే అందరినీ పోగొట్టుకుంటాడు.