రోటికీ పొయ్యికీ మధ్య

శంభుయోగిగారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన జవాబు చెప్పేవారు కారు, పని చెప్పేవారు. ఆ సంగతి తెలిసి కూడా శిష్యుడు త్రివిక్రముడు ఒకనాటి మధ్యాహ్నం ఆయన ముందు చతికిలబడి, "పైడయ్యను పంపించేయమంటారా, సూరమ్మనా?" అని అడిగాడు.

నాగావళి ఒడ్డున ఉన్న ఆ ఆశ్రమానికి పేరు తెచ్చింది మందుల కొట్టమే. అక్కడ కాచే కీళ్ళనొప్పుల తైలం కోసం జనం బళ్ళు కట్టుకుని వచ్చేవారు. పైడయ్య వేళ్ళూ ఆకులూ రోట్లో నూరి ముద్ద చేస్తాడు. సూరమ్మ వెనకగదిలో ఆ ముద్దను నూనెలో కలిపి సన్నని సెగ మీద కాస్తుంది. కొట్టం పెత్తనం త్రివిక్రముడిది. రెండు నెలల్లో మూడుసార్లు తైలం అడుగంటి మాడిపోయింది. ముద్ద ఉండలు కట్టి వస్తోందని ఆమె, మంట పెట్టడం చేతకాదని అతడు. మాటా మాటా పెరిగి ఒకరి మొహం ఒకరు చూడడం మానేశారు. అప్పటినుంచీ అక్కడి మాట ఇక్కడికీ, ఇక్కడి మాట అక్కడికీ త్రివిక్రముడే మోస్తున్నాడు. కటువుగా ఉన్నదాన్ని కాస్త మెత్తబరిచి మరీ చెప్పేవాడు. ముద్ద గిన్నెనైతే, రెండు నెలల కిందట పెత్తనం చేతికొచ్చిన నాటినుంచీ తనే అందించేవాడు. తాను లేకపోతే ఆ ఇద్దరూ ఏనాడో కొట్టుకుచచ్చేవారని అతడి నమ్మకం. ఆ నమ్మకంలో అలసట ఉంది, కొంచెం తీపీ ఉంది.

గురువుగారు అంతా విన్నారు. "రేపటినుంచి మూడు రోజులు మౌనం పట్టి కొట్టంలోనే కూర్చో. నోటితో మాట మోయకు, చేత్తో గిన్నె మోయకు," అన్నారు.

త్రివిక్రముడు బయటికి తొంగి చూశాడు. అప్పటికే వసారాలో పదకొండుమంది రోగులు తైలం కోసం పడిగాపులు కాస్తున్నారు. అయినా గురువు మాట.

మొదటిరోజు పైడయ్య వచ్చి సూరమ్మ మీద చెప్పుకున్నాడు. త్రివిక్రముడు పెదాల మీద వేలు పెట్టుకున్నాడు. సూరమ్మ వచ్చి పైడయ్య మీద చెప్పుకుంది. ఆమెకూ అదే వేలు. నూరిన ముద్ద రోట్లోనే ఎండిపోయింది, పొయ్యి వెలగలేదు. వసారాలో ఒక ముసలామె మోకాళ్ళు పట్టుకుని మూలుగుతూంటే, తాను ఒక్క మాట అంటే చాలు కదా అని త్రివిక్రముడు లోలోపల కొట్టుమిట్టాడాడు.

ఆ మూలుగు సూరమ్మా విన్నది. రెండోరోజు ఇంకా తెల్లగా తెల్లవారకముందే ఆమె విసురుగా రోటి దగ్గరికి వచ్చింది. పైడయ్య తల ఎత్తలేదు, పొత్రం ఆపలేదు. ఆమె వంగి కాస్త ముద్ద తీసుకుని వేళ్ళ మధ్య నలిపింది. మళ్ళీ నలిపింది.

"ఇది వెన్నలాగుంది గదా అన్నా. నా కాడికొచ్చేది ఇలగ ఉండదే. ఎప్పుడు నూరతావు నువ్వు?"

"ఎప్పుడూ ఈ ఏళకే."

"నాకందేది మజ్జానం దాటినాక."

ఇద్దరూ తల తిప్పి చూశారు. ముద్ద గిన్నెను కిటికీలో పెట్టి, పారాయణం ముగించి, భోజనం చేసి, పైడయ్య ఫిర్యాదుకు తగిన మాటలు కూర్చుకుని అప్పుడు తీరిగ్గా బయలుదేరే మనిషి ఆ పక్కనే చాప మీద కూర్చుని ఉన్నాడు. ఈలోగా కిటికీలో ముద్ద పెచ్చులు కట్టేది. ఆ పెచ్చులే నూనె అడుక్కి దిగి మాడేవి.

"పాపం, ఆ బాబుకు పారాయణం ఉంటాది గదమ్మా," అన్నాడు పైడయ్య. ఆ గొంతులో కోపం లేదు. త్రివిక్రముడికి అదే ఎక్కువ తగిలింది. సంజాయిషీ చెప్పుకుందామంటే నోటికి మౌనం.

సూరమ్మ రోటి దగ్గరే గిన్నె పట్టింది. ముద్ద తడి ఆరకుండా పొయ్యి చేరింది. మూడోరోజు సాయంత్రానికి తైలం తేనెరంగులో, మాడు వాసన లేకుండా దిగింది. మొదటి సీసా ముసలామెకు ఇచ్చారు. మంట ఎక్కువైందని పైడయ్య అంటూనే ఉన్నాడు, నీ రోలు సంగతి నువ్వు చూసుకోమని సూరమ్మ బదులిస్తూనే ఉంది. అయితే ఇప్పుడు ఎదురెదురుగా నిలబడి అనుకుంటున్నారు.

నాలుగోనాడు త్రివిక్రముడు మౌనం విడిచి గురువుగారి పాదాలకు మొక్కాడు. జరిగినదంతా ఏదీ దాచకుండా చెప్పి, కొట్టం పెత్తనం ఇక వదిలేయమంటారా అని అడిగాడు.

శంభుయోగిగారు నవ్వారు.

"ఇంటికి గడప ఉండాలి నాయనా. దాటేవాళ్ళకు అడ్డంగా దాని మీద కూర్చోకూడదు, అంతే."