ఎందువల్ల అనే గడి

"రోగిని చూడమంటారా మేడమ్, కాగితాన్ని చూడమంటారా?" అని నిరంజన్ అడిగేసరికి డాక్టర్ హైమావతి గారు అప్పటికే విసిగి ఉన్నారు.

గుంటూరులో ఒక ఆసుపత్రిలో మూత్రవ్యాధుల విభాగానికి ఆవిడ పెద్ద. నిరంజన్ ఆవిడ దగ్గర పని నేర్చుకుంటున్న డాక్టరు. రేపటి ఆపరేషన్ అనుమతికి అతను పంపిన కేసు షీటును, రోగాలకు కోడ్‌లు వేసే సెక్షన్ వాళ్లు తిప్పి పంపారు. మూత్రం నిలిచిపోయిందన్నారు సరే, "ఎందువల్ల" అనే గడి ఖాళీగా ఉంది, కారణం నిర్ధారించారా, కారణాన్ని బట్టి కోడు మారుతుంది అని వాళ్ల ప్రశ్న.

"గొట్టం వేసి మనిషిని కాపాడాం. ఇంకా ఎందువల్ల, ఏమిటి అని వీళ్ల గోలేమిటండీ!"

ఆవిడ వాదించలేదు. వాదనలో ఓడిన శిష్యుడు మర్నాడు అదే పని చేస్తాడని ఆవిడకు అనుభవం. వార్డుకు రమ్మని ముందు నడిచారు.

మంచం మీద మస్తాన్‌వలి, యాభై దాటినా మిర్చి యార్డులో బస్తాలు మోసే మనిషి, ఆపరేషన్ అనగానే బిక్కచచ్చిపోయి ఉన్నాడు. భార్య ఖాసింబీ ఊరుకునే రకం కాదు.

"ఇది మూడోసారి డాక్టరమ్మా! పొట్ట ఉబ్బుద్ది, గొట్టం ఏస్తారు, తీస్తారు, పొమ్మంటారు. ఇప్పుడేమో కోస్తామంటన్నారు. ఎందుకొచ్చిందయ్యా అంటే ఒక్కరూ చెప్పరు!"

"మందులేమైనా వాడుతున్నావా వలీ?" అని ఆవిడ అడిగారు.

"లేదమ్మా."

నేనూ అడిగానన్నట్టు నిరంజన్ తలాడించాడు.

"మరి మిర్చి ఘాటుకి తుమ్ములు రావూ? ఏం చేస్తావు?"

"జలుబు బిళ్ల ఏసుకుంటా. పొద్దున టీతో ఒకటి, సాయంత్రం టీతో ఒకటి. యార్డులో అందరం అంతేనమ్మా. అయ్యి మందులా?"

అలాంటి బిళ్లల్లో కొన్ని మూత్రాన్ని బిగబట్టేస్తాయి. ఆ సంగతి నిరంజన్ పరీక్షలో రాసి మంచి మార్కులే తెచ్చుకున్నాడు.

హైమావతి గారు పాత షీట్లు తిప్పారు. మొదటిసారి చూసిన డాక్టరు "ప్రొస్టేట్ వాపు కావచ్చు" అని రాశాడు. రెండోసారి చూసినాయన దాన్ని ఎత్తిరాస్తూ "కావచ్చు"ను వదిలేశాడు. నిరంజన్ దానికి ఆపరేషన్ తేదీ తగిలించాడు. స్కానులో వాపు ఉన్నమాట నిజమే, ఆ వయసు మగవాళ్లలో చాలామందికి ఉండేంత. ముగ్గురు చదువుకున్నవాళ్లు ఒకరి రాత ఒకరు చూసి ఎత్తిరాసుకుంటే ఒక కూలీ మనిషి కత్తి కిందికి వెళ్లబోయాడు. ఒళ్లు మండదూ?

ఆపరేషన్ ఆపేశారు. ఖాసింబీ కొంగుతో కళ్లు తుడుచుకుంటూనే మొగుణ్ణి తిట్టడం మొదలుపెట్టింది.

నిరంజన్ గబగబా పెన్ను తీశాడు. "బిళ్లల వల్ల అని రాసేస్తాను మేడమ్. కోడు కూడా మార్చేయొచ్చు."

"మళ్లీనా?" అన్నారు హైమావతి గారు. "బిళ్లలు మానాలి, గొట్టం తీయాలి, అతను తనంతట తాను మూత్రం పోసుకోవాలి. అందాకా ఆ గడి ఖాళీగా ఉండనీ. ఖాళీగా కనిపిస్తే ఇంకొకడైనా అడుగుతాడు."