గడపకు పెట్టిన బొట్టు

మా గురువుగారు సూరప్పదాసు గారిని ఏదైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పేవారు కాదు, పని చెప్పేవారు. ఆత్మ అంటే ఏమిటని అడిగిన ఒకాయన చేత మూడు రోజులు బావి పూడిక తీయించారు. కోపం ఎలా పోతుందని అడిగిన పాపానికి నేను ఒక వేసవంతా ఆశ్రమం వంటకి పనసపొట్టు కొట్టాను. కోపం పోయిందో లేదో తెలియదు గాని, పనసపొట్టు కొట్టడంలో మాత్రం మా ఊరు గంగరాయివలసలో నాకు సాటి లేరు. అందువల్ల ఆశ్రమంలో ప్రశ్నలు తక్కువ. అడగాలనిపించినవాళ్లు ముందు నడుముకు ఓపిక ఉందో లేదో చూసుకునేవారు.

ఆశ్రమమంటే పెద్ద కట్టడమేమీ కాదు. నాలుగు గదుల పెంకుటిల్లు, ముందు తాటాకు పందిరి, వెనక జీడిమామిడి తోట. గురువుగారు వయసులో ఉండగా జూట్ మిల్లులో పనిచేశారు. ఆ మరల మోత మధ్య మాట్లాడి మాట్లాడి, తక్కువ మాటల్లో గట్టిగా చెప్పడం అలవాటైందని తనే నవ్వుతూ చెప్పేవారు.

ఆ ఏడు గురుపూజకు నాలుగు రోజుల ముందు ప్రశ్న అడిగినవారు మార్కండేయులు మేస్టారు. ముప్పై నాలుగేళ్లు బడిలో తెలుగు చెప్పి రిటైరైన మనిషి. ఎండైనా వానైనా నల్లగొడుగు లేనిదే ఇల్లు కదలరు. మాట తప్పు పలికితే దేవుణ్ణయినా బెంచీ ఎక్కించే రకం. మనసు మాత్రం వెన్న. ఆ రోజు ఆయన గొడుగు చూరుకు తగిలించి, గురువుగారి ముందు కూర్చుని, గొంతు సవరించుకున్నారు.

“గురువుగారూ, ఒక్క మనిషి కోసం ఊరంతా నాలుక మార్చుకోవాలా?”

ఆ ఒక్క మనిషి మాణిక్యం అని మా అందరికీ తెలుసు. ఆశ్రమానికి ముప్పై ఏళ్లు ఏటేటా జెండా కుట్టి ఇచ్చిన టైలరు అప్పలనరసయ్య గారి ఒక్కగానొక్క సంతానం. విశాఖలో బట్టల కంపెనీలో ఎనిమిదేళ్లు పనిచేసి, కార్తీకంలో తండ్రి పోయాక తిరిగి వచ్చి, ఆయన కుట్టుమిషను ముందే కూర్చున్నారు. కత్తిరించిన జుట్టు, మెడలో టేపు, చెవి మీద సుద్దముక్క. పుట్టినప్పుడు ఊరు ఆడపిల్ల అనుకుందో మగపిల్లాడు అనుకుందో నేను చెప్పను. ఈ కథ విన్న ప్రతివాళ్లూ ముందు అదే అడుగుతారు, అడిగి తెలుసుకుని చేసేదేమీ ఉండదు.

ఒకనాడు మేస్టారు చొక్కా కొలతలకు వెళ్తే, టేపు భుజం మీద పెడుతూ మాణిక్యం మెల్లగా ఒక మాట అడిగారట. “మేస్టారూ, నన్ను వాడు అనకండి, అది అనకండి. నేను ఆయనా కాదు, ఆవిడా కాదు. మాణిక్యం అనండి. వచ్చారు, వెళ్లారు అంటే చాలు.” మేస్టారు అవునూ అనలేదు, కాదూ అనలేదు. చొక్కా మాత్రం వేరే ఊళ్లో కుట్టించుకున్నారు.

“నా దగ్గర ఏడో తరగతి చదివిన పిల్ల... పిల్లాడు... చూశారా, ఇదీ అవస్థ,” అన్నారు మేస్టారు గురువుగారితో. “చెవి మెలిపెట్టి అక్షరాలు దిద్దించినవాణ్ణి. ఇప్పుడు నేను ‘వచ్చారు’ అనాలట.”

అసలు ముల్లు అక్కడుందని నాకప్పుడే అనిపించింది. కరెంటు లైన్‌మాను స్తంభం ఎక్కితే “ఎక్కారు” అంటారు మేస్టారు. బ్యాంకులో తలుపు తీసే కుర్రాడికి కూడా “గారు” తగిలిస్తారు. ఆ మాటలు ఆయన నోట లేనివి కావు. ఇచ్చే చోటు దగ్గరే పేచీ.

గురువుగారు అంతా విని, “పిలుపులు మొదలుపెట్టాలి. ఈసారి నువ్వు వెళ్లు,” అన్నారు.

మా ఆశ్రమంలో గురుపూజకు చాటింపు వేయరు, కార్డులు పంచరు. ఇంటింటికీ వెళ్లి, ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలవాలి. మగవాళ్ల చేతిలో అక్షింతలు పెట్టి మగవాళ్లు పిలుస్తారు, ఆడవాళ్లకు బొట్టు పెట్టి ఆడవాళ్లు పిలుస్తారు. అందుకే పిలుపులకు ఎప్పుడూ ఇద్దరు వెళ్తారు. ఇంటికి తాళం వేసి ఉంటే గడపకు బొట్టు పెట్టి, నాలుగు అక్షింతలు చల్లి వచ్చేస్తారు. ఆ ఇంటివాళ్లు తిరిగి వచ్చాక గడప చూసుకుని, పిలుపు అందిందని తెలుసుకుంటారు.

ఆ ఏడు మాణిక్యం గడపకు ఆ పిలుపు మామూలు పిలుపు కాదు. ఏడాదిలో పోయిన శిష్యుల పేర్లు గురుపూజనాడు గురువుగారు చదువుతారు. పేరు చదవగానే ఆ ఇంటి మనిషి ముందుకొచ్చి, గురుదీపం నుంచి ఒక ప్రమిద వెలిగించి అందుకోవాలి. ఎవరూ రాకపోతే ఆ పేరు చదవరు, మరుసటి ఏడాది చదివే ఆచారమూ లేదు. అప్పలనరసయ్య గారికి ఉన్నది ఒక్క బిడ్డ.

మేస్టారు అక్షింతల పళ్లెం, ఆశ్రమం వాకిలి ఊడ్చే వరహాలమ్మ కుంకుమ భరిణె పట్టుకున్నారు. ఇంటింటా పంచే పటికబెల్లం సంచి నా భుజానికి తగిలించారు. రెండోరోజు పొద్దెక్కాక టైలరు ఇంటి ముందుకు చేరాం. లోపల మిషను చప్పుడు ఆగింది. మాణిక్యం మెడలో టేపు తీసి పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, తుడుచుకుంటూ వచ్చి గడప లోపల నిలబడ్డారు. ఆ పిలుపు కోసం రోజులు లెక్కపెట్టుకున్న మనిషని ఆ నిలబడడంలోనే తెలుస్తోంది.

మేస్టారు వరహాలమ్మ వైపు చూశారు. వరహాలమ్మ మేస్టారి వైపు చూసింది. నేను గుమ్మానికి కట్టిన మామిడాకులు ఎన్ని ఉన్నాయో చూశాను. అక్షింతలు ఇవ్వాలా, బొట్టు పెట్టాలా? ఆ ఇంటి మనిషిని అడిగితే ఒక్క ముక్కలో తేలిపోయేది. మాకెవరికీ నోరు రాలేదు. చివరకు మేస్టారు వంగి, గడప మీద నాలుగు అక్షింతలు చల్లారు. అది చూసి వరహాలమ్మ గడపకు బొట్టు పెట్టింది. “ఎల్లుండి గురుపూజ. అందరూ రావాలి,” అన్నారు మేస్టారు, తలుపు రెక్కతో. నేను పటికబెల్లం కిటికీలో పెట్టాను.

మాణిక్యం గడప మీది బొట్టు వైపు చూస్తూ నిలబడ్డారు. మేము మలుపు తిరిగేదాకా మిషను చప్పుడు మళ్లీ వినపడలేదు.

“పిలుపు పిలుపే,” అన్నారు మేస్టారు దారిలో, ఎవరూ అడక్కుండానే. “తప్పు మాట ఒక్కటీ అనలేదు.”

ఆ సాయంత్రం ఆశ్రమం వాకిలి ఊడుస్తూ వరహాలమ్మ ఉండబట్టలేక అంతా గురువుగారితో చెప్పేసింది. “మనిషి ఎదురుగుండా నిలబడుంటే గడపకి బొట్టెట్టేసి వచ్చినాం బాబూ. తాళమేసిన ఇంటికి ఎట్టినట్టు. అప్పుట్నుంచీ నాకు అన్నం సయించట్లేదు.” మేస్టారు దారిలో అన్న మాట కూడా చెప్పింది. గురువుగారు విన్నారు. ప్రమిదలు తోమి పెట్టమని మాత్రం అన్నారు.

గురుపూజనాడు పొద్దున్న గురువుగారు పందిరి మొదట్లో నిలబడి, వచ్చిన ప్రతివారినీ పేరు పెట్టి పలకరించి లోపలికి పంపుతారు. ఎనభై ఏళ్ల వయసులోనూ ఆ పని ఇంకొకరికి ఇవ్వలేదు. మార్కండేయులు మేస్టారు ఇస్త్రీ పంచె కట్టుకుని, గొడుగు చంకలో పెట్టుకుని వచ్చి చేతులు జోడించారు.

గురువుగారు గొడుగు వైపు తిరిగారు. “రా నాయనా, రా. మోకాలి నొప్పి తగ్గిందా? మనవరాలికి జ్వరమన్నావు, నెమ్మదించిందా?” అంటూ గొడుగు మీద నాలుగు అక్షింతలు వేశారు. తర్వాత మేస్టారి వెనకనున్న వాళ్లను పలకరించసాగారు.

పందిట్లో నవ్వులు లేచాయి. మేస్టారు కూడా మొదట నవ్వబోయారు. గొడుగు ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుని మళ్లీ ఎదురుగా నిలబడ్డారు. గురువుగారి చూపు గొడుగుతోపాటే అటు వెళ్లింది గాని ఆయన మొహం మీద ఆగలేదు. “ఎండన పడి వచ్చావు, లోపల మజ్జిగ ఉంది, తాగు,” అన్నారు గొడుగుతోనే. నవ్వులు ఒక్కటొక్కటే అణిగిపోయాయి. మేస్టారి మొహం చూడలేకపోయాను. ముప్పై ఏళ్లుగా ఆ పందిరి మొదట్లో పేరు పెట్టి పిలిపించుకున్న మనిషి, జనం మధ్య చంటిపిల్లాడిలా కళ్లనీళ్లు పెట్టుకున్నారు.

“గురువుగారూ, నేను ఇక్కడున్నాను.”

గురువుగారు అప్పుడు ఆయన కళ్లలోకి చూశారు. “తప్పు మాట ఏమైనా అన్నానా నాయనా?”

మేస్టారు “మాణిక్యం కూడా అక్కడే...” అని ఆగిపోయారు. గొడుగు పందిరి రాటకు తగిలించి, ఆ ఎండలో ఒట్టి తలతో వీధిలోకి నడిచారు. ఆయన గొడుగు లేకుండా నడవగా ఊళ్లో ఎవరూ చూసి ఉండరు. పటికబెల్లం కిటికీలో పెట్టినవాణ్ణి నేనే కదా, వెనకాలే వెళ్లాను.

టైలరు ఇంటి తలుపు తీసే ఉంది. గడపకు మేము పెట్టిన బొట్టు అలాగే ఉంది, అక్షింతలు ఎవరూ తుడవలేదు. మాణిక్యం కొత్తబట్టలు వేసుకుని స్టూలు మీద కూర్చుని ఉన్నారు. పక్కన మిషను మీద మడత పెట్టిన కొత్త జెండా. తండ్రి కుట్టినట్టే అంచుకు రెండు వరసల కుట్టు. అంతా సిద్ధం చేసుకుని, కదలకుండా కూర్చున్న ఆ మనిషిని చూడగానే నాకు సిగ్గుతో తల వాలిపోయింది.

“పిలవని పేరంటానికి మా నాన్న ఎప్పుడూ వెళ్లలేదు మేస్టారూ,” అన్నారు మాణిక్యం, లేచి నిలబడి. గొంతులో కోపం లేదు. “మీరు గడపని పిలిచారు. అది రానంటోంది.”

మేస్టారు గుమ్మం ముందు నిలబడ్డారు. “మాణిక్యం గారూ,” అన్నారు. “ఇవాళ గురుపూజ. మీ నాన్నగారి పేరు చదువుతారు. మీరు రావాలి. చేతిలో అక్షింతలూ లేవు, భరిణే లేదు. ఏది తేవాలో నాకు తెలియలేదు.”

“అడగాల్సింది మేస్టారూ.”

“ఆ రోజే అడగాల్సింది. ఇప్పుడు అడుగుతున్నాను.”

మాణిక్యం “ఏదీ అక్కర్లేదు. మొహం చూసి పిలిచారు కదా,” అని జెండా చేతిలోకి తీసుకున్నారు. గడప మీది బొట్టును తొక్కకుండా జాగ్రత్తగా దాటి, మాకంటే ముందు నడిచారు.

మేం పందిట్లోకి వచ్చేసరికి పేర్లు చదవడం మొదలైంది. గురువుగారు ఒక్కో పేరు చదివే ముందు, పిలుపులకు వెళ్లిన మనిషి రాట పక్కన నిలబడి ఆ ఇంటి నుంచి ఎవరు వచ్చారో సభకు వినిపించాలి. మేస్టారు లేరని అంతవరకూ వరహాలమ్మే ఆ పని చేస్తోంది. “పాపయ్యగారి కొడుకొచ్చినాడు,” “సిన్నమ్మిగారి కోడలొచ్చింది,” అంటూ. మేస్టారు వెళ్లి ఆమె పక్కన నిలబడ్డారు. మాణిక్యం జెండా గుండెకు ఆనించుకుని ముందుకు వచ్చారు. రెండు వందల మంది మేస్టారి నోటివైపే చూస్తున్నారు. కొందరు తమాషా కోసమే చూస్తున్నారని నాకు తెలుసు.

మేస్టారు తరగతిలో పాఠం చదివినట్టు, వెనక వరసకు కూడా వినపడేలా పలికారు. “అప్పలనరసయ్య గారి బిడ్డ, మాణిక్యం గారు వచ్చారు.”

గురువుగారు అప్పలనరసయ్య గారి పేరు చదివారు. మాణిక్యం ప్రమిద వెలిగించి అందుకున్నప్పుడు నూనె రెండు చుక్కలు ఒలికింది, దీపం మాత్రం ఆరలేదు. ఆ వెలుతురులో మాణిక్యం మొహం చూశాను. తండ్రి పోయిన తర్వాత ఆ మనిషి ఏడవగా చూడడం అదే మొదటిసారి. మిగిలిన ఇళ్లన్నిటికీ మేస్టారు అదే వరస నడిపించారు. కొడుకులు వచ్చారు, కోడళ్లు వచ్చారు, చివర తాతగారి దీపం అందుకోవడానికి తల్లి చెయ్యి పట్టుకుని ఐదేళ్ల పిల్ల గౌరమ్మ కూడా “వచ్చారు.” ఆ పిల్ల ఆ మాట విని వెంటనే నడక మార్చి, పెద్దదానిలా నడిచింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాయి. పాత జెండా దించి కొత్తది ఎక్కించాం. జనం పల్చబడ్డాక మేస్టారు రాట దగ్గరకు వెళ్లి గొడుగు తీసుకున్నారు. దాని మీది అక్షింతలు దులపలేదు. గుమ్మం దాకా వెళ్లినవారు ఆగి, గురువుగారి దగ్గరకు తిరిగి వచ్చారు. ఎంతైనా పంతులుగారు కదా, ఖాళీ వదిలిన ప్రశ్న ఆయన్ను ఇంటికి పోనివ్వలేదు.

“గురువుగారూ, నాలుగు రోజుల కిందట నేను అడిగినదానికి మీరు జవాబు చెప్పనే లేదు.”

గురువుగారు అప్పుడే కొంచెం నడుం వాల్చారు. కళ్లు తెరవకుండానే అన్నారు. “గొడుగుకు చెప్పాను. దారిలో అడుగు.”