కుడిపక్క గోడ

ఒక ఊరి మున్సిపల్ ఆఫీసులో పాత మానిటర్ ఒకటి ఉండేది. వెనక పెద్ద మూపురం, ముందు చిన్న మొహం, నెత్తిన ప్రతి దసరాకీ గుమాస్తా పెట్టిన బొట్ల మరకలు. పద్నాలుగేళ్ళు ఒకే కంప్యూటర్‌తో కాపురం చేసింది. ఆ కంప్యూటర్ కాస్తా ఒక వానాకాలం కాలిపోయింది.

కొత్త కంప్యూటర్ వచ్చింది. కొత్త మానిటర్ రాలేదు. పనిచేస్తున్న వస్తువుని మార్చకూడదని ఆ ఆఫీసులో రూలు. ఇది పూర్తిగా చచ్చిందని ముగ్గురు సంతకాలు పెడితేనే ఇంకోటి ఇస్తారు. పాతది బతికే ఉంది కదా, దాంతోనే కానిమ్మన్నారు.

తీగ తగిలించగానే కొత్త కంప్యూటర్‌లోని సిస్టమ్ అడిగింది, "నీ వెడల్పెంత?"

పాత మానిటర్‌కి ఆ భాష సగమే అర్థమైంది. అర్థమైన సగానికే భయం పట్టుకుంది. వెనక స్టోరు గదిలో ఏమున్నాయో దానికి తెలుసు. రెక్కలు విరిగిన ఫ్యాన్లు, కాళ్ళు లేని కుర్చీలు, పద్నాలుగేళ్ళు తనతో ఉన్న ఆ కాలిపోయిన కంప్యూటర్. నిజం చెబితే తననీ అక్కడికే పంపుతారు.

"తమరు ఎంతంటే అంతేనండి," అంది.

సిస్టమ్‌కి మళ్ళీ అడిగే తీరిక లేదు. ఈ కాలపు వెడల్పు ఇంతే ఉంటుందనుకుని బొమ్మ గీసి పంపడం మొదలుపెట్టింది. మానిటర్ తనకి పట్టినంత చూపించింది. పట్టని కుడివైపు ముక్క దాని అంచు అవతల ఉండిపోయింది.

ఇంతకన్నా పెద్ద అబద్ధాలు ఆడి హాయిగా తిరిగేవాళ్ళు లేరా అంటే, బోలెడుమంది ఉన్నారు. కాకపోతే ఈ అబద్ధం మనుషుల బతుకుల మీద పడింది. అదీ నా బాధ.

ఆ ఏడు బజారులో కూర్చుని అమ్ముకునేవాళ్ళందరూ తమ చోటు కోసం అర్జీ పెట్టుకోవాలన్నారు. తెర మీద అర్జీ తెరిస్తే అడుగున రెండు మీటలు. ఎడమవైపు 'తిరస్కరించు', కుడివైపు చివర 'ఆమోదించు'. పాత మానిటర్‌లో మొదటిదే కనిపించేది.

గుమాస్తా చెడ్డవాడేం కాదు. ఇంకో మీట వస్తుందేమోనని వారం రోజులు చూశాడు కూడా. కానీ ఆ ఆఫీసులో శనివారం సాయంత్రానికి పెండింగు సున్నా చూపించాలి. ఏదో ఒక మీట నొక్కితే తప్ప సున్నా కాదు. ఉన్న మీటే నొక్కాడు. సున్నా అయింది. పైఅధికారి వచ్చి భుజం తట్టాడు. "కొత్త సిస్టమ్ మహా స్ట్రిక్టండీ బాబూ!" అని అందరికీ చెప్పుకునేవాడు గుమాస్తా, కాస్త గర్వంగానే.

అలా నెలలు గడిచాయి. అతని చెయ్యి ఎడమవైపుకి అలవాటు పడింది.

తుంగచాపలు అల్లి అమ్మే ఆమె ఒకతె ఉంది. గడియారస్తంభం పక్కన ముప్పై ఏళ్ళుగా కూర్చుంటోంది. ఆమెకి ఆ నాలుగడుగుల నేల తప్ప ఇంకో ఆధారం లేదు. మొదటి అర్జీని తిరస్కరించారు. రెండోది పట్టుకొచ్చింది.

"నేనేం తప్పు రాశానయ్యా?" అని అడిగింది.

"నువ్వేం తప్పు రాయలేదమ్మా. సిస్టమ్ ఒప్పుకోవట్లేదు."

"ఒప్పుకోనని అందా?"

"అదిగో, తెర మీద అదే ఉంది. కావాలంటే చూసుకో."

ఆమె బల్ల చుట్టూ తిరిగి వచ్చి తెర ముందు వంగింది. చాలాసేపు చూసింది. తర్వాత తుంగ గీరుకుపోయిన వేలితో తెర కుడి అంచుని పైనుంచి కిందకి తడిమింది.

"అయ్యా, నాకు చదువు రాదు. కానీ ఇది కోసేసిన చాప."

"ఏంటీ?"

"ఇటుపక్క ప్రతి వరసలోనూ చివరి అక్షరం సగంలో తెగింది చూడు. అల్లినవాళ్ళెవరూ కొస కట్టకుండా ఇలా వదలరు. చాప ఇంకా ఉందయ్యా. నీకే కనపడట్లేదు."

గుమాస్తా పకపకా నవ్వాడు. "ఆహా! చాపలల్లుకుంటూ కంప్యూటర్లు కూడా బాగుచేస్తావన్నమాట!" అన్నాడు. నవ్వు ఆగాక ఆ అంచు వైపు ఒక్క క్షణం చూశాడు. ఆ మాట నిజమేనేమో అనిపించింది. అంతలోనే మూడు సంతకాలు గుర్తొచ్చాయి. "ఇది పనిచేస్తోందమ్మా. పనిచేసేదాన్ని పాడైందని ఎవరు రాస్తారు?"

"పనిచేస్తోందా?" అందామె.

అతను మీట నొక్కాడు. "ఇంకొక్కసారే పెట్టుకోవచ్చు. నెలాఖరుకి ఆమోదం చీటీ లేనివాళ్ళని బజారులోంచి లేపేస్తారు," అన్నాడు, ఆమె మొహం చూడకుండా.

ఇదంతా పాత మానిటర్ వింది. ఇన్నాళ్ళలో తన అంచుని తడిమి చూసిన మనిషి ఈమె ఒక్కతే. మానిటర్ సిగ్గుతో కుంచించుకుపోయింది. నిజం చెబితే స్టోరు గది. చెప్పకపోతే ఈమె వీధిలో. ఎన్ని రోజులు కొట్టుమిట్టాడిందో! భయం మాత్రం తగ్గలేదు, చెప్పొద్దూ.

నెలాఖరు రోజు పొద్దున్నే ఆమె మూడో అర్జీతో వచ్చి బెంచీ మీద కూర్చుంది. గుమాస్తా కంప్యూటర్ ఆన్ చేశాడు. సిస్టమ్ ఎప్పట్లాగే వెడల్పాటి బొమ్మ పంపింది. మానిటర్ దాన్ని తీసుకోలేదు. తన వెడల్పు చాలదని నల్లటి తెర మీద రెండే మాటలు చూపించింది.

'పరిధి దాటింది.'

గుమాస్తా దాని నెత్తిన రెండు మొట్టికాయలు వేశాడు. తీగ పీకి మళ్ళీ పెట్టాడు. అవే రెండు మాటలు. "చచ్చిందిరా బాబూ," అన్నాడు. మధ్యాహ్నానికల్లా మూడు సంతకాలూ పడ్డాయి. దాన్ని స్టోరు గదికి మోసుకెళ్తుంటే బెంచీ మీది ఆమె లేచి దారిచ్చింది. "పాపం, ముసలిది," అంది. పోనీలే, ఈమె పనైనా అవుతుంది, అనుకుంది మానిటర్. ఆ చీకటి గదిలో దానికి అదొక్కటే తృప్తి.

సాయంత్రానికల్లా కొత్త మానిటర్ వచ్చింది. బల్లంత వెడల్పు. గుమాస్తా ముచ్చటపడి, పైన సరిగ్గా మధ్యలో అనుకుంటూ కుంకుమ బొట్టు పెట్టాడు. అది మధ్యకి బాగా ఎడమగా పడింది. అతనికి తేడా తెలియలేదు.

"నీ వెడల్పెంత?" అంది సిస్టమ్. కొత్తది ఉన్నదున్నట్టు చెప్పింది. తెర నిండా బొమ్మ పరుచుకుంది. అక్షరాలన్నీ నిండుగా ఉన్నాయి. అడుగున ఎడమవైపు ఒక మీట, కుడివైపు చివర ఇంకో మీట. ఆకుపచ్చగా, అరచెయ్యంత పెద్దగా ఉంది 'ఆమోదించు'.

గుమాస్తా అర్జీ తెరిచాడు. అతని చూపు ఎడమనుంచి బయల్దేరి పాత అంచు ఉండే చోటిదాకా వచ్చి, అక్కడ ఆగిపోయింది. చెయ్యి తనకి తెలిసిన చోటికి వెళ్ళి టక్కున నొక్కింది.

"ఒప్పుకోలేదమ్మా," అన్నాడు.

ఆమె లోపలికి వచ్చి చూడబోయింది. కొత్త మానిటర్ ఖరీదైందని బల్ల చుట్టూ అప్పుడే గొలుసు కట్టారు. గొలుసు ఇవతలే నిలబడి అడిగింది.

"బాబూ, కుడిపక్క చూశావా?"

"కుడిపక్క ఏముంటుందమ్మా?" అన్నాడు గుమాస్తా. "గోడే కదా."