వట్టివేళ్ళ దండ

"గురువుగారూ, గడ్డలో చెత్త పారేసేవాళ్ళకి సిగ్గెలా తెప్పించాలి?"

ఇందుమతి ఈ మాట అడిగిన సాయంత్రం మేమంతా విశ్వపతి గారి అరుగు మీద గీత పాఠానికి కూర్చుని ఉన్నాం. మా వైపు వాగుని గడ్డ అంటాం. ఊరి పక్కనున్న గడ్డని ఆదివారం ఆదివారం శుభ్రం చేసే జట్టుకి ఇందుమతే పెద్ద. ఎంత తీసినా మళ్ళీ వారానికి అంత చెత్తా చేరుతోందని ఆవిడ బాధ. అందుకని దొరికిన ప్లాస్టిక్ కవర్లన్నీ వంతెన గోడ మీద వరసగా పెట్టి, ఏది ఎవరింటిదో తెలిస్తే పక్కనే వాళ్ళ పేరు రాయిస్తానంది.

"మీరు ఊఁ అంటే చాలు, గురువుగారూ."

ఆయన ఊఁ అనలేదు, ఊహూఁ అనలేదు. "ఈ ఆదివారం నేనూ దిగుతాను," అన్నారు. అడిగినదానికి అప్పటికప్పుడు జవాబు చెప్పడం ఆయనకి అలవాటు లేదు.

ఆదివారం పొద్దున్నే పంచె ఎగ్గట్టి మాతోపాటు బురదలోకి దిగారు. ఇందుమతి ఒక్కో కవరూ విప్పి చూడటం, ఏదో ఒక మాట అని గోడ మీద పెట్టడం. ఒకదాంట్లో అద్దం పగిలిన దేవుడి పటం దొరికింది.

"ఏ మహాభక్తురాలిదో! స్వామిని ముంచి పుణ్యం మూటగట్టుకుంది!" అంది, పటాన్ని అందరికీ చూపిస్తూ.

మేమంతా నవ్వాం. గుర్రపుడెక్క లాగుతున్న ఎర్నమ్మ ఒక్కతే నవ్వలేదు. తల వంచుకుని చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పటం ఎవరిదో ఇక ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

ఇక్కడ ఒక సంగతి విడమరిచి చెప్పాలి. పూజ చేసిన పూలనీ, పాతబడ్డ పటాలనీ మనం చెత్తకుండీలో వెయ్యం. ఎవరి కాలికిందైనా పడితే పాపమని కవర్లో పెట్టి, మూతి గట్టిగా ముడేసి, పారే నీళ్ళలో వదులుతాం. అలా వదిలినదాన్ని చెత్త అని మనలో ఎవరూ అనుకోరు. ఇందుమతీ అనుకోలేదు.

వంతెన స్తంభం దగ్గర చిక్కుకున్న కవరొకటి విశ్వపతి గారి చేతికొచ్చింది. "విప్పమ్మా," అని ఇందుమతికి అందించారు.

ముడి విప్పగానే, అంత మురుగు కంపులోనూ వట్టివేళ్ళ వాసన వచ్చింది. పూలు కుళ్ళి నల్లబడ్డాయి గానీ, అల్లిన వేళ్ళు అల్లినట్టే ఉన్నాయి. గురుపూర్ణిమ నాడు ఇందుమతి మరీ మరీ చెప్పి కట్టించి, మా అందరి ముందూ ఆయన మెడలో వేసి, తర్వాత ప్రసాదంగా ఇంటికి తీసుకెళ్ళిన దండ అది. అలాంటిది ఊళ్ళో మరొకటి లేదు.

"ఇది ఎవరో..." అని మొదలుపెట్టి ఆగిపోయింది.

ఎర్నమ్మ నడుం ఎత్తి నిలబడింది. "ఆ గోడ మీద ఇంకా సోటుంది, తల్లీ."

ఈసారి ఎవరూ నవ్వలేదు. మాలో కొందరం మా ఇళ్ళలో ముడేసిన కవర్లు గుర్తొచ్చి కళ్ళు దించుకున్నాం.

"నేనే వదిలాను," అంది ఇందుమతి. విశ్వపతి గారికేసి తిరిగింది. "మీ మెడలో పడ్డది చెత్తలో కలవకూడదని, తలస్నానం చేసి, తెల్లారకుండా వచ్చి నేనే వదిలాను గురువుగారూ." బురద చేతులతోనే ఆ దండని తీసుకెళ్ళి గోడ మీద, ఎర్నమ్మ పటం పక్కన పెట్టింది. వెనక్కి తిరిగినా మా మొహాలకేసి చూడలేకపోయింది.

విశ్వపతి గారు చెయ్యి కడుక్కుందామని వంగి, ఆ నీళ్ళు చూసి ఆగిపోయారు.

"వదిలే ముందు కళ్ళకద్దుకున్నావా, అమ్మా?"

"అద్దుకునే వదిలానండీ."

ఆయన గడ్డకేసి చూస్తూ అడిగారు.

"దేన్ని? దండనా, ఈ నీళ్ళనా?"