పెళ్లికూతురి చెలమ

“సంపెంగా! ఓ సంపెంగా! కిందికి రావే, మేం వెళ్లిపోతున్నాం!”

అనగనగా ఎండలకి వాగు ఎండిపోయిన ఒక అడవిలో, మోదుగు చెట్టు కింద నిలబడి ఇలా పిలుస్తున్నవాడు మట్టయ్య. వాడొక అడవిపంది పిల్ల. పైన ఎర్రటి పూల చాటున దాక్కున్నది సంపెంగ అనే గోరింక. ఇద్దరూ ప్రాణస్నేహితులు. మరి ఎందుకు దాక్కుందంటారా? చెబుతాను, వినండి.

ఆ అడవిలో ముళ్లపంది మేష్టారు బడి నడుపుతాడు. ఒకరోజు ఆయన, “వాగు ఇసుకలో మనం నీళ్లు తాగే చెలమ ఉందే, ఆ గుంట మొదట ఎవరు తవ్వారు? సంపెంగా, దుప్పుల్నీ అడుగు, పందుల్నీ అడుగు. విన్నది వచ్చి చెప్పు. చరిత్ర అంటే అదేనమ్మా,” అన్నాడు.

సంపెంగ ఎగిరింది. దారిలో మోదుగు పూలు ఇసుక మీద పారాణిలా రాలి ఉన్నాయి. అక్కడే వాలి కలలు కంటూ కూర్చుంది. పొద్దు గూకింది. ఎవర్నీ అడగనే లేదు!

తెల్లారి బడికి తిరిగొచ్చి, “పూర్వం ఒక దుప్పి పెళ్లికూతురు నడిచి వెళ్తుంటే, ఆమె గిట్ట తగిలిన చోట నీళ్లు ఊరాయట. పెద్దలు చెప్పారు,” అంది.

అందరూ ఆహా అన్నారు. దుప్పులకైతే కళ్లు చెమర్చాయి.

మర్నాడు దుప్పులు పందులతో, “ఇది మా ఆడపడుచు చెలమ. మేం తాగాకే మీరు తాగండి,” అన్నాయి.

ఆ తర్వాత, “ఆ బురద మూతులతో దిగకండి. దూరంగా నిలబడండి,” అన్నాయి.

చివరికి కొమ్ములు అడ్డం పెట్టి, “అసలు రావద్దు పొండి,” అన్నాయి.

సంపెంగ ఇదంతా చూసింది. కానీ నిజం చెబితే అందరూ నవ్వుతారని నోరు మెదపలేదు. పంది పిల్లల నాలుకలు పిడచగట్టాయి. పాపం, పందులు వేరే అడవికి బయలుదేరాయి.

ఇప్పుడు చెట్టు కింద మట్టయ్య మళ్లీ అన్నాడు, “అలిగావా ఏంటే? నీ కథ మా నాయనమ్మకీ నచ్చింది, పెద్దలు చెప్పారన్నావు కదా అని ఊరుకుంది. కాకపోతే ఆ రోజు నువ్వు అడగడానికి వస్తావని పొద్దంతా ఎదురుచూసింది. తన చిన్నప్పుడు వాళ్లమ్మ మూతితో చెలమ ఎలా తవ్విందో చెప్పాలనుకుందట. ‘గోరింక పిల్ల రాలేదేంరా, ఎండకి సొమ్మసిల్లిందేమో చూసి రా’ అని నన్ను పంపింది కూడానూ.”

సంపెంగ ఇక దాక్కోలేకపోయింది. రివ్వున ఎగిరి చెలమ దగ్గర వాలింది. ఒకవైపు కాపలా దుప్పులు. మరోవైపు మూటాముల్లె లేకుండా వెళ్లిపోతున్న పందులు.

“ఆగండి నాయనమ్మా!” అని అరిచింది. “పెళ్లికూతురూ లేదు, గిట్టా లేదు. నేను ఎవర్నీ అడగలేదు. అందంగా ఉందని నేనే అల్లాను.”

పెద్ద దుప్పి కొమ్ములు దించి, మెల్లగా దారి ఇచ్చింది.

సంపెంగ మట్టయ్య వైపు తిరిగింది.

“నీకు దాహమేస్తోందని తెలిసి కూడా నోరు మూసుకున్నానురా, మట్టయ్యా.”

నీతి: పదిమందికి చెందిన గతాన్ని పదిమందినీ అడిగి చెప్పాలి, అందంగా ఉందని అబద్ధం అల్లితే ఎవరో ఒకరి గొంతు ఎండుతుంది.